మూడు పాళ్ల నిర్మాణము

గ్రామ పెద్దలారా! మీ పిల్లలు హైదరాబాదున వెబ్ అప్లికేషన్లు కట్టుట నేర్తుమనగా అప్పుచేసి ఫీజు చెల్లించుచున్నారు. ఆ విద్య యెట్టిదో మీరెఱుఁగవలదా?

నాంపల్లి రైలుస్టేషనును దలఁచుకొనుఁడు. (రైల్వేవారి పట్టికలలో దానిపేరు హైదరాబాదు దక్కను.) కిటికీకడ గుమాస్తా మీ ఫారము నందుకొనును. బెర్తుల లెక్క వేఱొకచోట నుండును. మీ చేతికి వచ్చునది అచ్చుచీటి. అట్లే యీ విద్యయందు లెక్కలును వాని నియమములును గలది ‘మోడల్’. కంటికిఁ గనఁబడునది ‘వ్యూ’. కోరిక నందుకొని తక్కిన రెంటిచేతఁ బనిచేయించునది ‘కంట్రోలర్’. ఈ విభాగమును నార్వేదేశీయుఁడగు ట్రిగ్వే రీన్‌స్కాగ్ 1979లో కాలిఫోర్నియాయందలి జెరాక్సువారి పరిశోధనాలయమునఁ గల్పించెను. అప్పటికి వెబ్ పుట్టనే లేదు! దీని ననుసరించి సిద్ధపఱచిన చట్రములలో రెయిల్సు 2004లోను, జాంగో 2005లోను వెలువడినవి. ఇతరులు కంట్రోలరనుదానినే జాంగోవారు వ్యూ అందురు. పరిభాషలో నిట్టి కలఁత నావంటి వ్యాకరణపాఠకునకు రుచింపదు.

ఆబిడ్సు కాలిబాటపై ఆదివారము లమ్ము పాతపుస్తకములలో ఈ విద్యకు సంబంధించినవి నేను జూచితిని. పాతకూర్పులలోని ఆజ్ఞలు కొన్ని నేఁడు చెల్లవు. విభాగము మాత్రము చెల్లును.

తొందరపడువారు బెర్తుల నియమమును చీటిరూపములోనే యిఱికింతురు. పిమ్మట ఫోనునకు మఱియొక రూపము గావలసినపుడు ఆ నియమమును మరల వ్రాయుదురు. ఒకటి దిద్ది రెండవది మఱచిరేని, ఒకే బెర్తు ఇద్దఱి కమ్ముడుపోవును.

మీ పిల్లవాని నిట్లడుగుఁడు: “చీటి తెలుఁగున నచ్చువేయవలెనన్న నేది మార్చెదవు?” వ్యూ నొక్కదానినే యన్నచో ఫీజు దక్కినట్లే. మూఁడును మార్తునన్నచో మఱికొన్ని నెలలు చదువవలసియున్నది.