దేవరకొండ చెలకల్లో ‘పొడి వాతావరణ’ సూచన

కార్తీక మాసపు వాతావరణ సూచనల్లో “రాగల ఐదు రోజులు పొడి వాతావరణం” అన్న వాక్యమే తరచుగా కనిపిస్తుంది. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద మంగళ, శుక్రవారాల్లో వెలువడే బులెటిన్‌లో వర్షపాతం వరుసలో సున్నాలున్నా మిగిలిన వరుసలు చెప్పేది ఎంతో ఉంటుంది.

దేవరకొండ ప్రాంతపు పత్తినే తీసుకుందాం. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగాక, ఆకాశం నిర్మలంగా, గాలి మందంగా ఉన్న రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, తెల్లవారేసరికి విచ్చిన పత్తిపై మంచు కురిసి ఉంటుంది. వాన లేదు కదా అని తెల్లవారుజామునే ఏరితే ఆ తడి బస్తాలోకి చేరుతుంది. భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర ఇచ్చేది 8 శాతం తేమ వరకే. ఆపైన కోత తప్పదు, 12 దాటితే కొనుగోలే ఉండదు. కాబట్టి కనిష్ఠ ఉష్ణోగ్రత, ఉదయపు గాలిలో తేమ రైతు చేతికందే ధరకు సంబంధించిన అంకెలే.

కంది సంగతి వేరు. ఎర్ర చెలకలు తేమను ఎక్కువ రోజులు నిలుపుకోవు గనుక, పూత, కాయ దశల్లో వాన లేదన్న సూచనను నీటి వసతి ఉన్నచోట ఒక తడికి పిలుపుగా చదవాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే ఇక్కడికి వాన రాకున్నా మబ్బు రావచ్చు. మబ్బు మారుకా మచ్చల పురుగుకు అనుకూలం. మేఘావరణం వరుసను చూసేవారు, నా అంచనాలో, మరీ తక్కువ.

విస్తరణ శాస్త్రవేత్త గ్రామానికి పంపే సందేశం “వర్షసూచన లేదు” అని ముగియకూడదు. “శుక్రవారం వరకు మంచు ఆరిన తరువాతే పత్తి ఏరండి” అని ఉండాలి.