క్లీన్ వెసెల్ చట్టం

క్లీన్ వెసెల్ చట్టం (శుభ్ర నౌకా చట్టం) అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1992లో చేయబడిన ఒక ఫెడరల్ చట్టం. విహార పడవలలో పోగయ్యే మలమూత్రాలను నీటిలో వదలకుండా ఒడ్డుకు చేర్చడానికి అవసరమైన సౌకర్యాల నిర్మాణానికి, నిర్వహణకు ఈ చట్టం క్రింద రాష్ట్రాలకు గ్రాంటులు లభిస్తాయి. ఈ పథకాన్ని ఆ దేశపు ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ (మత్స్య, వన్యప్రాణి సంరక్షణ సంస్థ) నిర్వహిస్తున్నది. మరీనా అనగానే తెలుగువారికి చెన్నై సముద్రతీరం గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసంలో మాత్రం మరీనా అంటే విహార పడవలను కట్టి ఉంచే చిన్న రేవు అని అర్థం.

సమస్య

మరుగుదొడ్డి ఉన్న ఒక పడవ నుండి వెలువడే మురుగు పరిమాణంలో స్వల్పమే. అయితే విహార పడవలు సాధారణంగా గాలివాటు లేని చిన్న అఖాతాలలోను, సరస్సులలోను, రేవులలోను గుంపులుగా నిలుస్తాయి. అటువంటి చోట్ల నీటి కదలిక తక్కువ కనుక మురుగు త్వరగా చెదిరిపోదు. అందులోని వ్యాధికారక క్రిముల వలన ఈత కొట్టేవారికి జబ్బులు రావచ్చు. ఆల్చిప్పలు నీటిని వడగట్టి ఆహారం తీసుకుంటాయి కాబట్టి ఆ క్రిములు వాటి శరీరాలలో చేరుతాయి. వాటిని పచ్చిగా తినేవారికి హెపటైటిస్-ఎ వంటి వ్యాధులు సోకే ప్రమాదం ఉన్నది. మురుగు కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు కూడా ఖర్చవుతుంది.

చట్ట నేపథ్యం

1972 నాటి క్లీన్ వాటర్ చట్టంలోని 312వ సెక్షను పడవల మరుగుదొడ్లకు సంబంధించినది. దీని ప్రకారం స్థిరమైన మరుగుదొడ్డి గల పడవలో కోస్ట్ గార్డ్ ధ్రువీకరించిన పారిశుధ్య పరికరం ఉండాలి. ఇవి మూడు రకాలు. మొదటి రెండు రకాలు మురుగును శుద్ధిచేసి వదులుతాయి. మూడవ రకం మురుగును ట్యాంకులో నిల్వ ఉంచుతుంది. తీరం నుండి 3 నాటికల్ మైళ్ళ లోపల శుద్ధిచేయని మురుగును వదలడం నిషిద్ధం.

నిషేధం ఉన్నప్పటికీ, నిండిన ట్యాంకును ఖాళీ చేసుకునే చోటు చాలా మరీనాలలో లేకపోయింది. చోటు చూపకుండా వదలవద్దని మాత్రమే చెప్పిన చట్టాన్ని పాటించడం పడవవారికి కష్టమైంది. ఈ సౌకర్యాల కొరత వలన విహార పడవల మురుగు స్థానికంగా నీటి నాణ్యతను గణనీయంగా దెబ్బతీస్తున్నదని గుర్తించిన అమెరికా కాంగ్రెసు 1992లో ఈ చట్టాన్ని ఆమోదించింది. అధ్యక్షుడు జార్జి హెచ్. డబ్ల్యు. బుష్ ఆ సంవత్సరం నవంబరు 4న దానిపై సంతకం చేశాడు.

నిధుల మూలం

గ్రాంటుల సొమ్ము సాధారణ ఆదాయపు పన్ను నుండి రాదు. చేపల వేట సామగ్రిపై ఎక్సైజు పన్ను, మోటారు పడవల ఇంధనంపై పన్ను, విహార పడవలపై దిగుమతి సుంకం మొదలైనవి ఒక ప్రత్యేక నిధిలో జమ అవుతాయి. అనగా నీటిని వినోదానికి వాడుకొనేవారు చెల్లించిన పన్నే ఆ నీటి రక్షణకు ఖర్చవుతున్నది. 1992 చట్టం ఐదేళ్ళకు 4 కోట్ల డాలర్లను కేటాయించింది. 1998లో పథకాన్ని సంవత్సరానికి 1 కోటి డాలర్ల చొప్పున కొనసాగించారు. 2005 చట్టంలో స్థిరమైన మొత్తానికి బదులు నిధిలో 2 శాతం వాటాను నిర్ణయించారు.

గ్రాంటు పంపిణీ

రాష్ట్రాలు పోటీ పద్ధతిలో దరఖాస్తు చేసుకోవాలి. ఆమోదించిన ఖర్చులో 75 శాతం వరకు ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది. మిగిలిన 25 శాతాన్ని రాష్ట్రం, స్థానిక సంస్థ లేదా మరీనా యజమాని సమకూర్చుకోవాలి. ఉదాహరణకు 20,000 డాలర్ల పనికి 15,000 డాలర్లు గ్రాంటుగా, 5,000 డాలర్లు స్థానిక వాటాగా ఉంటాయి. రాష్ట్రం ద్వారా ప్రైవేటు మరీనాలు కూడా గ్రాంటు పొందవచ్చు.

ఈ సొమ్మును క్రింది పనులకు వాడవచ్చు:

* పంపవుట్ కేంద్రాలు. వీటిలో పంపుకు అమర్చిన గొట్టాన్ని పడవపై ఉన్న మూతకు తగిలించి ట్యాంకులోని మురుగును లాగివేస్తారు. మన పట్టణాలలో సెప్టిక్ ట్యాంకులను ఖాళీ చేసే లారీల పద్ధతి ఇటువంటిదే.
* డంప్ స్టేషన్లు. చిన్న పడవలలో చేతితో మోసుకుపోయే మరుగుదొడ్డి డబ్బాలను ఇక్కడ ఖాళీ చేస్తారు.
* పడవల వద్దకే వెళ్ళి మురుగును సేకరించే పంపవుట్ పడవలు.
* మురుగును శుద్ధి కేంద్రానికి తరలించడం, పరికరాల మరమ్మతు, పడవవారికి అవగాహన కల్పించడం.

పట్టణ మురుగు శుద్ధి కేంద్రాల నిర్మాణానికి, చట్టాన్ని అమలుపరిచే పోలీసు చర్యలకు ఈ గ్రాంటు వర్తించదు.

షరతులు

గ్రాంటుతో నిర్మించిన సౌకర్యం ఆ మరీనా సభ్యులకే పరిమితం కారాదు. విహార పడవలన్నిటికీ అందుబాటులో ఉండాలి. ప్రత్యేక కారణం చూపకుండా వసూలు చేయదగిన గరిష్ఠ రుసుమును 1994 నాటి నిబంధనలు 5 డాలర్లుగా నిర్ణయించాయి. రుసుము ఎక్కువైతే పడవవారు చీకటిలో నీటిలోకే వదిలివేస్తారు. రుసుము తక్కువగా ఉంచడంలోని ఉద్దేశం ఇదే. 16 అడుగులకు మించిన 300 నుండి 600 పడవలకు కనీసం ఒక పంపవుట్ కేంద్రం, ఒక డంప్ స్టేషను ఉండాలని అదే సంవత్సరపు సాంకేతిక మార్గదర్శకాలు సూచించాయి.

నిషేధ మండలాలతో సంబంధం

శుద్ధిచేసిన మురుగును సైతం వదలరాదని కొన్ని జలాలను "నో డిశ్చార్జ్ జోన్"లుగా ప్రకటించవచ్చు. రాష్ట్రం ఇందుకు కోరినపుడు, మురుగును ఒడ్డుకు చేర్చే సౌకర్యాలు అక్కడ తగినన్ని ఉన్నాయా అని పర్యావరణ పరిరక్షణ సంస్థ సాధారణంగా మొదట పరిశీలిస్తుంది. కనుక ఈ గ్రాంటులు కఠినమైన నిషేధానికి దారి వేశాయి. 1998లో రోడ్ ఐలండ్ తన సముద్ర జలాలన్నిటికీ ఈ హోదా పొందిన మొదటి రాష్ట్రమైంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్ జలాలకు 2018లో ఈ హోదా వచ్చింది.

పరిమితులు

పంపును అమర్చడం ఒకసారి అయ్యే ఖర్చు, నడపడం ఏటేటా అయ్యే ఖర్చు. ఉప్పునీటి గాలికి లోహపు భాగాలు తుప్పుపడతాయి. గొట్టాలు పూడుకుపోతాయి. చలి ప్రాంతాలలో శీతాకాలం గడ్డకట్టకుండా పరికరాలను మూసివేయవలసి ఉంటుంది. 5 డాలర్ల రుసుముతో ఈ ఖర్చులన్నీ రాబట్టుకోవడం మరీనా యజమానికి కష్టం. అందువల్లనే నిర్వహణ ఖర్చును కూడా గ్రాంటులో చేర్చారు. పనిచేయని పంపు ముందు నిలిచిన పడవవానికి, పంపే లేని రేవులో నిలిచినవానికి తేడా లేదు. ఈ చట్టం ఫలితాన్ని ఎన్ని కేంద్రాలు కట్టారన్న లెక్కతో కాక, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి, ఎంత మురుగు ఒడ్డుకు చేరుతున్నది అన్న లెక్కతో చూడవలసి ఉంటుంది.