మబ్బులో దాచిన పాటలు

2025 కార్తీక మాసంలో ఒక సోమవారం నాడు మా మేనత్తను వెంటబెట్టుకొని పట్టిసీమ వెళ్ళాను. గోదావరి నడిమధ్య కొండమీద వెలసిన వీరేశ్వరస్వామి దర్శనం కావాలంటే రేవులో పడవ ఎక్కక తప్పదు. జనం కిటకిటలాడుతున్నారు. ఎలాగో ఒక బల్లమీద అత్తయ్యకు చోటు దొరికింది. పడవ కదిలి నాలుగు బారలు పోయిందో లేదో, ఆవిడ నా వైపు తిరిగింది.

"ఒరేయ్ అబ్బాయీ, మా అమ్మ పాటల పుస్తకం నీ దగ్గర వుంది కదూ? ఫాల్గుణంలో మనవరాలి పెళ్ళి. తలంబ్రాల పాటా, అప్పగింతల పాటా నాకు సగం సగమే గుర్తున్నాయి."

"భద్రంగా వుంది అత్తయ్యా. క్లౌడులో పెట్టాను."

"అంటే?"

"అంటే మబ్బు. మబ్బులో దాచానన్నమాట."

అత్తయ్య తలెత్తి ఆకాశంకేసి చూసింది. "మబ్బులో పెడితే వానై కురిసిపోదుట్రా?" అన్నది.

పడవలో నలుగురూ నవ్వారు. నేనూ నవ్వి, పాటలు అక్కడికక్కడే చూపిద్దామని జేబులోంచి ఫోను తీశాను. తెరమీద ఒకే ఒక వాక్యం కనిపించింది: మీ ఖాతా నిలిపివేయబడినది.

"రేపు తీసి ఇస్తాలే అత్తయ్యా" అన్నాను. కాని నా గుండెలో రాయి పడింది.

ఎందుకో చెప్పాలి. మా నాయనమ్మ పెళ్ళి పాటలు, మంగళహారతులు, జోలపాటలు రెండు నోటు పుస్తకాలలో వ్రాసి పెట్టుకున్నది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్పయి అయిదు లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించిన మహా వరదలో మా పాత ఇల్లు మునిగింది. ఇంటి దస్తావేజులతోపాటు ఒక పుస్తకం పోయింది. అప్పటికి నాకు ఆరేళ్ళు. బురద పట్టిన కాగితాలను నాన్నగారు ఒక్కొక్కటే విడదీసి గట్టుమీద ఎండబెట్టడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లు వుంది. రెండవ పుస్తకం అత్తయ్య అత్తవారింట వుండబట్టి మిగిలింది. మూడేళ్ళ క్రితం నేను దాన్ని పేజీ పేజీ ఫోనుతో ఫోటోలు తీసి క్లౌడుకు ఎక్కించి, పుస్తకం తిరిగి ఆవిడకు ఇచ్చేశాను. ఆ మరుసటి ఏడాది వానలకు పెంకులు కారి ట్రంకు పెట్టెలోకి నీరు దిగింది. సిరా అంతా అలికినట్లయింది. ఇక ఆ పాటలు వున్నదల్లా మబ్బులోనే.

ఇంతకూ ఈ మబ్బు ఏమిటి? తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడిని కనుక మేఘం అనగానే నాకు కాళిదాసే గుర్తుకు వస్తాడు. రామగిరిలో వున్న యక్షుడు అలకాపురిలోని భార్యకు మేఘంచేత కబురు పంపాడు. మన కేంద్ర ప్రభుత్వం కూడ తన కార్యాలయాలకోసం 2014లో నెలకొల్పిన క్లౌడుకు 'మేఘ్‌రాజ్' అని చక్కని పేరే పెట్టింది. కాని పేర్లు చూసి మోసపోకూడదు. ఈ మేఘం ఆకాశంలో లేదు. నేలమీద, గోడలూ కప్పూ వున్న పెద్ద పెద్ద భవనాలలో వుంది. ఆ భవనాలను డేటా సెంటర్లంటారు. అరలు అరలుగా వేలకొద్దీ కంప్యూటర్లు అక్కడ రాత్రింబవళ్ళు పనిచేస్తూ వుంటాయి. మనం ఫోనులో దాచుకున్నామనుకొనే ఫోటోలు సముద్రం అడుగున వేసిన తీగల మీదుగా ఏ దేశానికి వెళ్ళి కూర్చున్నాయో మనకు తెలియదు.

గోదావరి జిల్లాలవారికి ఈ సంగతి అర్థం కావడానికి ధవళేశ్వరం ఆనకట్టను మించిన ఉదాహరణ లేదు. ఆనకట్ట రాకముందు ఏ రైతు తంటా ఆ రైతుదే. వాన వస్తే పంట, లేకపోతే లేదు. కాటన్ దొర పూనికతో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తరువాత రైతు నదిని కొనుక్కోనక్కరలేదు, సొంతంగా కాలువ తవ్వుకోనక్కరలేదు. లాకులు ఎత్తితే నీరు వస్తుంది, తీరువా కట్టుకుంటే సరిపోతుంది. క్లౌడు కూడ అంతే. కంప్యూటరు కొనకుండా దాని శక్తిని మాత్రం తెప్పించుకోవడం. నీటి తీరువా ఎకరాల లెక్కన అయితే, ఇక్కడ వాడుకున్న మేరకు గంటల లెక్కన, నిమిషాల లెక్కన కూడ.

ఈ ఆలోచన కొత్తది కాదు. జాన్ మెకార్తీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1961లోనే, ఏదో ఒకనాటికి కంప్యూటరు శక్తి కూడ టెలిఫోనులాగా ప్రజలందరికీ అందే సదుపాయం కాగలదని చెప్పాడు. 2006లో అమెజాన్ సంస్థ తన కంప్యూటర్లను, నిల్వ స్థలాన్ని బయటివారికి అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టిన తరువాత అది పెద్ద వ్యాపారమైంది. ఒక పెద్ద కంప్యూటరును, ఒకే లోగిలిని వాటాలు వేసి నలుగురికి అద్దెకు ఇచ్చినట్లు, పది చిన్న కంప్యూటర్లుగా పనిచేయించవచ్చు. ఎవరి వాటా వారిది, ఒకరి గది మరొకరికి కనబడదు. ఇదే ఇందులోని కిటుకు.

అద్దెలోనూ మూడు తరగతులున్నాయి. స్థలమూ, నీరూ, కట్టెలూ ఇచ్చి మిగతాది నీవే చూసుకోమనడం ఒకటి. పొయ్యి, పాత్రలు అమర్చిన వంటిల్లు ఇచ్చి నీ వంట నీవు చేసుకోమనడం రెండవది. పూటకూళ్ళమ్మలాగా వండి వడ్డించడం మూడవది. మనబోటి గృహస్థులు ఈమెయిలు, ఫోటోల నిల్వ అని వాడుకొనేదంతా మూడవ రకమే. కంపెనీలకు మొదటి రెండూ ఎక్కువ అవసరం.

దీనివల్ల లాభం లేదనను. ఇంటర్మీడియట్ ఫలితాల రోజునే తీసుకోండి. లక్షలమంది పిల్లలు ఒకే గంటలో మార్కులు చూసుకోవాలంటారు. ఆ ఒక్క గంట కోసం వంద కంప్యూటర్లు కొని తక్కిన ఏడాదంతా దుమ్ము పట్టించడం ఎవరి తరం? పెళ్ళికి గుండిగలు, గంగాళాలు అద్దెకు తెచ్చుకొని మర్నాడు అప్పజెప్పినట్లు, కావలసిన పూటకు తెచ్చుకొని వదిలివేయవచ్చు. 2015లో ప్రారంభమైన డిజిలాకరులో మా విద్యార్థులు మార్కుల జాబితాలు చూపిస్తున్నప్పుడల్లా, గట్టుమీద కాగితాలు ఎండబెట్టిన నాన్నగారే గుర్తుకు వస్తారు. ఆనాడు ఇది వుంటే ఆయనకు అంత కష్టం వుండేది కాదు.

ఇక ఈ పరిశ్రమ భవిష్యత్తు సంగతి. అది మన ముంగిట్లోకే వచ్చింది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదులో తన క్లౌడు కేంద్రాలను ప్రారంభించింది. మైక్రోసాఫ్ట్ కూడ అదే ఏడాది హైదరాబాదును ఎంచుకున్నట్లు ప్రకటించింది. మేము పట్టిసీమ వెళ్ళడానికి కొద్దిరోజుల ముందే, 2025 అక్టోబరు 14న, గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్ళలో సుమారు 1500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని చెప్పింది. సముద్రం అడుగు తీగలు ఒడ్డుకు చేరే స్థానం కూడ అక్కడ వస్తుందన్నారు.

ఆ కేంద్రం ఒక గిగావాట్ స్థాయిదట. అంటే వెయ్యి మెగావాట్లు. పట్టిసీమకు ఎగువన, కూతవేటు దూరంలో అన్నట్లుగా వున్న పోలవరం ప్రాజెక్టులో తలపెట్టిన జలవిద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 960 మెగావాట్లు. ఒక మబ్బు ఎంత ఆకలిగొన్నదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి 41,500 కోట్ల యూనిట్ల విద్యుత్తు వాడాయని, 2030 నాటికి అది 94,500 కోట్లకు పెరగవచ్చునని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. కృత్రిమ మేధ రాకతో ఈ ఆకలి మరీ పెరిగింది.

ఆకలితోపాటు దాహమూ వుంది. కంప్యూటర్లు వేడెక్కుతాయి. వాటిని చల్లబరచడానికి చాలాచోట్ల నీటిని ఆవిరి చేస్తారు. పట్టిసీమ పడవలో కూర్చుంటే ఇది గాలి కబురు కాదు. కుడిగట్టున 2015లో కట్టడం మొదలుపెట్టిన ఎత్తిపోతల పథకం ఇరవై నాలుగు పంపులతో గోదావరిని కృష్ణకు పంపుతుంది. అవతలి గట్టున పురుషోత్తపట్నంలో 2017లో ప్రారంభమైన మరో పథకం గోదావరి నీటిని ఏలేరు జలాశయానికి పంపడానికి కట్టినది. ఆ ఏలేరు నుంచే విశాఖపట్నానికి కాలువ వున్నది. పోలవరం ఎడమ కాలువలోనూ విశాఖ అవసరాలకని 23.44 టి.ఎం.సీ.లు కేటాయించారు. పంటకు ఎంత, పట్టణానికి ఎంత, పరిశ్రమకు ఎంత అని ఇప్పటికే వంతులు వేసుకుంటున్న నీరిది. కొత్తగా వచ్చిన అతిథికి ఏ నీరు, ఎంత, ఎండాకాలంలో ఎవరి వంతు తగ్గించి, అన్న లెక్క ముందుగానే జనానికి చెప్పడం న్యాయం. వద్దని కాదు. ఆనకట్ట నాడు కూడ లెక్క కట్టకుండా కాటన్ దొర రాయి పేర్చలేదు.

"మాస్టారూ, విశాఖలో మాకు ఉద్యోగాలు వస్తాయా?" అని మా విద్యార్థులు అడుగుతూ వుంటారు. కట్టేటప్పుడు చాలామందికి పని దొరుకుతుంది. కట్టిన తరువాత ఆ భవనాన్ని నడపడానికి భవనమంత మంది అక్కరలేదు. అసలు పని ఆ కంప్యూటర్లను అద్దెకు తీసుకొని ఏదో ఒకటి తయారుచేసేవారిది, వాటికి కాపలా కాసే భద్రతా నిపుణులది. కాలువ గట్టున కాపురముంటే చాలదు, సేద్యం తెలియాలి అని చెబుతాను.

ఇంకొక సంగతి మరవకూడదు. ప్రపంచంలోని క్లౌడు వ్యాపారంలో సగానికి పైగా అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ మూడింటి చేతిలోనే వుంది. 2025 అక్టోబరు 20న అమెరికాలోని అమెజాన్ కేంద్రాలలో చిక్కు వస్తే ఎన్నో దేశాలలో ఎన్నో సేవలు గంటల తరబడి నిలిచిపోయాయి. అంతకు కొన్ని వారాల ముందు, సెప్టెంబరు 26న, దక్షిణ కొరియాలోని డేజన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటరు తగలబడింది. ఉద్యోగులు తమ కాగితాలన్నీ దాచుకొనే ప్రభుత్వ క్లౌడు, 858 టెరాబైట్లు, బూడిద అయింది. మరీ పెద్దదని దానికి వేరేచోట నకలు తీయలేదట! సాంకేతిక విద్యలో మనకు గురుస్థానంలో వుండదగిన దేశం అది. మబ్బు వానై కురిసిపోదా అని అత్తయ్య వేసిన ప్రశ్న అంత అమాయకమైనదేమీ కాదు.

నా ఖాతా సంగతి చెప్పాలి కదా. ఏటా అద్దె బ్యాంకు కార్డు నుంచి దానంతటదే పోయేది. కార్డు మారింది. అద్దె ఆగింది. హెచ్చరికలన్నీ నేను ఎప్పుడో తెరవడం మానేసిన పాత ఈమెయిలుకు వచ్చి పడివున్నాయి. సగం తప్పు నాదే. తక్కిన సగం, మొర చెప్పుకుందామంటే మనిషి గొంతు వినబడని ఆ ఏర్పాటుది. గుమాస్తా వుంటే కాళ్ళో వేళ్ళో పట్టుకుందును. అక్కడ మరమాటలే తప్ప మనిషి లేడు. నేను నేనేనని రుజువు చేసుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నాకు సరిగా నిద్ర లేదు. వరద తీశాక నాన్నగారి ముఖం ఎలా వుండేదో అప్పుడు నాకు అద్దంలో కనబడింది.

పన్నెండవ రోజున పాటలు తిరిగి వచ్చాయి. ఆ సాయంత్రమే రాజమండ్రిలో అచ్చు తీయించి పుస్తకంగా కుట్టించాను. ఒక ప్రతి మా ఇంటి బీరువాలో, ఒక ప్రతి హార్డు డిస్కులో, మూడవది మబ్బులోనే వుంచాను. పంటంతా అమ్ముకున్నా విత్తనాల గింజలు వేరే కట్టి దాచుకొనే రైతుకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. నాలాంటి చదువుకున్నవాడికే నేర్పవలసి వచ్చింది.

మరొక ప్రతి తీసుకొని అత్తయ్య దగ్గరకు వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకొని వేలితో పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఒక పేజీ లేదేమిరా? అప్పగింతల పాటలో రెండో సగం!"

చూశాను. నిజమే. ఫోటోలు తీసేటప్పుడు రెండు కాగితాలు అతుక్కొని ఒకేసారి తిరిగినట్లున్నాయి. అసలు పుస్తకంలో ఆ పేజీ నీళ్ళపాలయింది. మబ్బులోకి అది ఎక్కనే లేదు.

నాకు నోట మాట రాలేదు. అత్తయ్య మాత్రం కాసేపు కళ్ళు మూసుకొని, మొదటి సగం పైకి చదువుకుంటూ పోయి, ఆగకుండా రెండో సగంలోకి జారిపోయింది. మధ్యలో రెండుచోట్ల తడబడి మళ్ళీ వెనక్కి వెళ్ళి అందుకున్నది. నేను ఫోను పక్కన పెట్టి, కలం తీసి వ్రాసుకుంటూ కూర్చున్నాను.