రేడియో హాస్యం నుంచి పాడ్‌కాస్ట్‌కు: 'ది రికీ జెర్వైస్ షో' ఒక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు రేడియో కార్యక్రమానికీ పాడ్‌కాస్ట్‌కూ మధ్య ఉన్న ముఖ్యమైన తేడాలను వివరించగలుగుతారు. మాధ్యమం మారినప్పుడు ఒక హాస్య కార్యక్రమం ఏమి వదిలిపెట్టిందో, ఏమి వెంట తీసుకువెళ్లిందో ఉదాహరణతో చెప్పగలుగుతారు.

పరిచయం

మా తరంవారికి రేడియో వినడమంటే గడియారం చూసుకోవడమే. నాటిక రాత్రి ఎనిమిది గంటలకంటే ఆ వేళకు సెట్టు ముందు ఉండాలి. లేకపోతే ఆ నాటిక పోయినట్టే. మీకు ఆ ఇబ్బంది లేదు. పగలంతా పనిచేసి, బస్సులో ఇంటికి వెళ్తూ, నచ్చిన కార్యక్రమాన్ని కొంత విని, మిగిలింది మర్నాడు వినగలరు. ఈ మార్పును చాలామంది 'రేడియోను ఇంటర్నెట్‌లో పెట్టడం' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగం నిజం మాత్రమే. మిగతా సగం ఏమిటో బ్రిటన్‌కు చెందిన ఒక హాస్య కార్యక్రమం ద్వారా తెలుసుకుందాం.

రేడియో దశ

లండన్‌లోని ఎక్స్‌ఎఫ్‌ఎం రేడియో కేంద్రంలో 1997లో రికీ జెర్వైస్ ఉద్యోగంలో చేరారు. తనకు సహాయకుడిగా స్టీఫెన్ మర్చంట్‌ను తీసుకున్నారు. ఈ ఇద్దరూ కలిసి రాసిన 'ది ఆఫీస్' అనే హాస్య ధారావాహిక 2001లో బి.బి.సి. టెలివిజన్‌లో మొదలై వారికి పేరు తెచ్చింది. అదే సంవత్సరం వారు ఎక్స్‌ఎఫ్‌ఎంలో శనివారపు కార్యక్రమం ప్రారంభించారు. మధ్యమధ్య విరామాలతో అది 2005 వరకు సాగింది.

ఆ కార్యక్రమానికి నిర్మాత కార్ల్ పిల్కింగ్‌టన్. పాటలు, ప్రకటనలు వేళకు వచ్చేట్టు చూడడం ఆయన పని. వ్యాఖ్యాతలు ఆయనను అప్పుడప్పుడు మాటల్లోకి దింపేవారు. ఆయన అమాయకంగా, గంభీరంగా చెప్పే వింత అభిప్రాయాలకు శ్రోతలు విరగబడి నవ్వేవారు. 'మంకీ న్యూస్' అనే శీర్షికలో కోతులు మనుషుల పనులు చేశాయంటూ ఆయన కథలు చెప్పేవారు. మిగిలిన ఇద్దరూ 'ఇది ఎలా సాధ్యం?' అని నిలదీసేవారు. క్రమంగా తెరవెనుక మనిషే కార్యక్రమానికి కేంద్రమయ్యారు. ఇది ముందుగా వేసుకున్న ప్రణాళిక కాదు. వారం వారం కలిసి మాట్లాడుకోవడం వల్ల ఏర్పడిన బంధం. ఈ అంశాన్ని గుర్తుంచుకోండి.

పాడ్‌కాస్ట్ దశ

'పాడ్‌కాస్ట్' అనే మాటను 2004 ఫిబ్రవరిలో 'ది గార్డియన్' పత్రికలో బెన్ హామర్స్‌లీ ఒక వ్యాసంలో ప్రయోగించారు. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అనే రెండు పదాల కలయిక ఇది. దీని పనితీరు సులభం. ధ్వనిముద్రణను ఇంటర్నెట్‌లో ఒక చోట ఉంచుతారు. దాని వివరాలను ఆర్.ఎస్.ఎస్. ఫీడ్ అనే జాబితాలో చేరుస్తారు. శ్రోత కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ ఆ జాబితాను ఎప్పటికప్పుడు చూసి కొత్త భాగాన్ని దించుకుంటుంది. 2005 జూన్‌లో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్‌లో ఈ సౌకర్యం కల్పించడంతో సాధారణ శ్రోతలకూ పాడ్‌కాస్ట్ అందుబాటులోకి వచ్చింది.

2005 డిసెంబరులో గార్డియన్ వెబ్‌సైట్ ద్వారా ఈ ముగ్గురి పాడ్‌కాస్ట్ ఉచితంగా మొదలైంది. వారానికొకటి చొప్పున, ఒక్కొక్కటి సుమారు అరగంట నిడివితో 12 భాగాలు వచ్చాయి. మొదటి నెలలో ఒక్కో భాగానికి సగటున 2,61,670 డౌన్‌లోడ్‌లు నమోదై, గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది.

ఏమి మారింది? ఏమి మారలేదు?

మొదట, పాటలు పోయాయి. రేడియోలో పాట వేయడానికి ఉండే అనుమతి, డౌన్‌లోడ్ చేసుకునే ఫైలులో పాట ఇవ్వడానికి చాలదు. అందువల్ల మాటల మధ్య విరామం లేకుండా సంభాషణే మిగిలింది. రెండవది, ప్రసార సంస్థలకు వర్తించే భాషా నియమాలు పాడ్‌కాస్ట్‌కు అదే విధంగా వర్తించలేదు. మూడవది, ఆదాయ మార్గం మారింది. రేడియోకు ప్రకటనకర్త డబ్బు ఇస్తాడు. 2006లో రెండవ వరుస భాగాలకు మాత్రం శ్రోతలే రుసుము చెల్లించవలసి వచ్చింది.

మారనిది ఆ ముగ్గురి సంభాషణ. 'మంకీ న్యూస్' పాడ్‌కాస్ట్‌లోకీ వచ్చింది. ఆ మాటలనే ఆధారం చేసుకుని 2010 నుంచి 2012 వరకు హెచ్.బి.ఓ. యానిమేషన్ ధారావాహిక ప్రసారం చేసింది. అంటే బొమ్మలు తరువాత వచ్చాయి, గొంతులు మాత్రం పాతవే.

విమర్శనాత్మక పరిశీలన

ఈ విజయాన్ని అంచనా వేసేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. డౌన్‌లోడ్‌ల సంఖ్య, చివరిదాకా విన్నవారి సంఖ్య ఒకటి కావు. దించుకుని వినకుండా వదిలేసినవారూ ఉంటారు. రెండవది, వీరు కొత్తవారు కారు. టెలివిజన్ తెచ్చిన పేరు, రేడియోలో సంవత్సరాల సాధన, పెద్ద పత్రిక అండ వారికి ఉన్నాయి. 'మైకు ఉంటే చాలు, శ్రోతలు వస్తారు' అనడానికి ఈ కార్యక్రమం ఉదాహరణ కాదు. మూడవది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఇద్దరు కలిసి ఒకరిని ఆటపట్టిస్తుంటే మనం నవ్వుతున్నది ఆయన మాటకా, ఆయనను చూసా? రేడియోలో జారిన మాట చాలావరకు గాలిలో కలిసిపోయేది. పాడ్‌కాస్ట్‌లో అది నిలిచిపోతుంది. కాబట్టి హాస్యానికి బాధ్యత తగ్గలేదు, పెరిగింది.

సారాంశం

పాడ్‌కాస్ట్ రేడియోకున్న వేళను, పాటలను, కొన్ని కట్టుబాట్లను తీసివేసింది. ఆ మూడూ పోయాక కూడా వినాలనిపించేది ఏదైనా ఉంటేనే కార్యక్రమం నిలుస్తుంది. ఇక్కడ నిలిచింది మనుషుల మధ్య మాట. ఆ మాటను తయారుచేసింది రేడియోయే. మీలో ఎవరైనా ఫోనులో సొంత కార్యక్రమం రికార్డు చేయాలనుకుంటే, పరికరం కొనే ముందు మీతో మాట కలిపే మనిషిని వెతుక్కోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పాడ్‌కాస్ట్‌లో పాటలు తగ్గడానికి కారణం ఏమిటి?
2. కార్ల్ పిల్కింగ్‌టన్ పాత్ర ఎలా రూపొందిందో ఐదు వాక్యాల్లో రాయండి.
3. మీరు ఇష్టపడే ఒక తెలుగు హాస్య కార్యక్రమాన్ని తీసుకుని, అందులోని నవ్వు ఎవరి మీద నిలబడి ఉందో చర్చించండి.