ఫోన్‌లో అక్కరలేని యాప్‌లను నిద్రపుచ్చడం ఎలా?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ అక్కడ తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌లో అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. తాతయ్య రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పదవీ విరమణ చేశారు. అది నవంబరు నెల. పింఛను ఆగకుండా రావాలంటే తాను జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం ఇవ్వాలి. ఇంట్లో కూర్చుని, ఫోన్ కెమెరాకు ముఖం చూపించి ఆ పని పూర్తిచేసే సౌకర్యం 2021 నవంబరులో వచ్చింది. కానీ తాతయ్య ఫోన్ మొరాయిస్తోంది. యాప్ తెరుచుకోవడానికే చాలా సేపు పడుతోంది. మధ్యలో ఏదో ఆటల ప్రకటన, ఆపైన ఎవరూ అడగని వార్తల సందేశం.

"ఇవన్నీ నేను పెట్టలేదురా. కొన్నప్పుడే ఉన్నాయి. తీసేద్దామంటే తీసే బటనే లేదు" అన్నారు తాతయ్య.

"బటన్ లేకపోయినా దారి ఉంది తాతయ్యా. కంప్యూటర్‌కు కలిపి ఆదేశం ఇస్తే ఆగిపోతాయి" అన్నాడు మనవడు.

మనవడు చెప్పింది నిజమే. అయితే ఆ దారిలో వెళ్లేముందు ఫోన్ లోపల ఏముందో కొంత తెలుసుకోవాలి. తెలియకుండా చేయి పెడితే, తీసేయాల్సినవి ఉండిపోతాయి, ఉండాల్సినవి పోతాయి.

తీసే బటన్ ఎందుకు ఉండదు?

ఆండ్రాయిడ్ ఫోన్‌లోని నిల్వ కొన్ని భాగాలుగా విడిపోయి ఉంటుంది. ఒక భాగంలో ఆపరేటింగ్ సిస్టమ్, దానితోపాటు తయారీ సంస్థ పెట్టిన యాప్‌లు ఉంటాయి. దీన్ని చదవడమే తప్ప మార్చడానికి వీలుండదు. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు ఈ భాగంలో ఎవరైనా మార్పులు చేశారా అని సరిచూసే ఏర్పాటు కూడా ఉంది. ఇంకో భాగం వాడకందారుది. మనం దించుకున్న యాప్‌లు, ఫొటోలు, సందేశాలు అందులో చేరతాయి.

అందువల్ల మొదటి భాగంలోని యాప్‌ను మామూలు పద్ధతిలో తొలగించలేం. ఈ కట్టడి మన రక్షణ కోసమే పుట్టింది. ఒక హానికర ప్రోగ్రాం సిస్టమ్ ఫైళ్లను మార్చలేకపోవడానికి కారణం ఇదే. కాకపోతే అదే గోడ చాటున వ్యాపార ఒప్పందాలతో వచ్చిన యాప్‌లు కూడా చేరుతున్నాయి. స్పెయిన్‌లోని ఐఎండీఈఏ నెట్‌వర్క్స్ సంస్థ, మరికొన్ని విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2019లో 214 బ్రాండ్లకు చెందిన 1,700కు పైగా పరికరాల నుంచి సేకరించిన 82,000కు పైగా ముందస్తు యాప్‌లను పరిశీలించారు. వాటిలో చాలావాటి ప్రవర్తన వాడకందారుకు తెలియకుండా సాగుతోందని, ఎవరు బాధ్యులో తెలుసుకోవడం కూడా కష్టమని వారు తేల్చారు.

మన దేశంలో ఈ విషయం న్యాయ వేదికల దాకా వెళ్లింది. భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ముందే పెట్టిన గూగుల్ యాప్‌లను వాడకందారు తొలగించుకోవడాన్ని అడ్డుకోరాదని కూడా ఆదేశించింది. 2023 మార్చి 29న జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించినా, తొలగింపుకు సంబంధించిన ఆదేశాన్ని పక్కన పెట్టింది. ఐరోపా సమాఖ్యలో మాత్రం 2024 మార్చి నుంచి పెద్ద సంస్థలు ఈ వీలు కల్పించాలని చట్టం చెబుతోంది.

ఏడీబీ అంటే ఏమిటి?

ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్ అనే పేరుకు సంక్షిప్త రూపం ఏడీబీ. యాప్‌లు తయారుచేసేవారు తమ పనిని పరీక్షించుకోవడానికి గూగుల్ ఉచితంగా ఇచ్చే పనిముట్టు ఇది. ఇందులో మూడు భాగాలు. మనం ఆదేశం టైపు చేసేది ఒకటి, కంప్యూటర్‌లోనే వెనుక నడుస్తూ ఆ ఆదేశాన్ని అందించేది రెండోది, ఫోన్‌లో ఉండి దాన్ని అమలు చేసేది మూడోది.

ఫోన్‌లో ఈ తలుపు మామూలుగా మూసి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలు చూపే చోట బిల్డ్ నంబరును ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ కనిపిస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే, ఈ కంప్యూటర్‌ను నమ్మవచ్చా అని ఫోన్ అడుగుతుంది. దానితోపాటు ఆ కంప్యూటర్ తాళంచెవికి గుర్తుగా కొన్ని అక్షరాలు, అంకెలు చూపిస్తుంది. మనం ఒప్పుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది.

కంప్యూటర్‌లో ఇచ్చే ఆదేశాలు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. మొదట 'ఏడీబీ డివైసెస్' అని కొడితే ఫోన్ కలిసిందో లేదో తెలుస్తుంది. 'ఏడీబీ షెల్' తర్వాత 'పీఎం లిస్ట్ ప్యాకేజెస్' అంటే ఫోన్‌లోని యాప్‌లన్నిటి అసలు పేర్లు వరుసగా వస్తాయి. ఇక్కడ పీఎం అంటే ప్యాకేజీ మేనేజర్, అంటే ఫోన్‌లో యాప్‌ల పద్దు రాసే గుమస్తా.

నిద్రపుచ్చే ఆదేశం 'పీఎం డిసేబుల్-యూజర్'. దాని తర్వాత రెండు అడ్డగీతలతో 'యూజర్', ఖాళీ వదిలి '0', చివర యాప్ అసలు పేరు. ఆండ్రాయిడ్ ఒకే ఫోన్‌లో పలువురు వాడకందారులకు చోటిస్తుంది. వారిలో మొదటివారి సంఖ్య 0. ఈ ఆదేశం యాప్ ఫైలును ముట్టుకోదు. '0 వాడకందారు కోసం దీన్ని నడపవద్దు' అని గుమస్తా పద్దులో ఒక గుర్తు వేస్తుందంతే. ఆ తర్వాత యాప్ గుర్తు తెర మీద కనిపించదు. వెనుక నడవదు, నెట్ వాడదు, సందేశాలు పంపదు. ఫోన్ ఆపి మళ్లీ వేసినా ఆ గుర్తు అలాగే ఉంటుంది. మనసు మారితే 'పీఎం ఎనేబుల్' ఆదేశంతో యాప్ మేలుకుంటుంది.

'పీఎం అన్‌ఇన్‌స్టాల్' అనే మరో ఆదేశాన్ని కూడా 0 వాడకందారుకే పరిమితం చేసి ఇవ్వవచ్చు. అప్పుడు కూడా అసలు ఫైలు సిస్టమ్ భాగంలోనే ఉంటుంది, మన వివరాలు మాత్రం చెరిగిపోతాయి. కాబట్టి ముందు నిద్రపుచ్చి, కొన్ని రోజులు చూసి, ఇబ్బంది లేదనుకుంటేనే ఆ దశకు వెళ్లడం మంచిది.

లాభం ఎంత?

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. నిద్రపుచ్చిన యాప్ సిస్టమ్ భాగంలో ఆక్రమించిన చోటు మనకు తిరిగి రాదు. వాడకందారు భాగంలో చేరిన దాని అప్‌డేట్లను, వివరాలను తీసేస్తే ఆ మేరకు చోటు దక్కుతుంది. అసలు లాభం ర్యామ్‌లో, బ్యాటరీలో, నెట్ ఖర్చులో, మన ప్రశాంతతలో కనిపిస్తుంది. నిల్వ చాలకపోవడమే సమస్య అయితే, ముందు వాట్సాప్‌లో పోగుపడిన గుడ్ మార్నింగ్ చిత్రాలు, వీడియోలు చెరిపి చూడండి. చాలా ఇళ్లలో అసలు బరువు అదే.

ఇంకో మాట. కొన్ని యాప్‌లకు సెట్టింగ్స్‌లోనే 'డిసేబుల్' బటన్ ఉంటుంది. అది ఉన్నచోట కంప్యూటర్ అవసరమే లేదు.

ఏవి ముట్టుకోకూడదు?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పేరు వింతగా ఉన్నంత మాత్రాన యాప్ పనికిరానిది కాదు. సిస్టమ్ యూఐ పోతే తెర మీద ఏమీ సరిగా కనిపించదు. కీబోర్డు పోతే తాళం తెరిచే అక్షరాలు కొట్టలేం. వెబ్‌వ్యూ అనేది ఇతర యాప్‌లలో వెబ్ పుటలను చూపే భాగం. 2021 మార్చిలో దాని అప్‌డేట్‌లో ఒక్క తప్పు దొర్లితే ప్రపంచమంతటా జీమెయిల్ వంటి యాప్‌లు తెరవగానే మూతపడ్డాయి. కొన్ని ముఖ్యమైన భాగాలను ఆపబోతే ఫోనే ఒప్పుకోదు, కానీ అన్నిటికీ ఆ రక్షణ లేదు. ఫోన్ పూర్తిగా ఆన్ కాని స్థితికి వస్తే మిగిలేది ఫ్యాక్టరీ రీసెట్. దానితో ఫొటోలు, సందేశాలు అన్నీ పోతాయి.

తాతయ్య ఫోన్‌లోనే చూడండి. ముఖం చూపించి ధ్రువపత్రం ఇవ్వడానికి జీవన్ ప్రమాణ్ యాప్ ఒక్కటే చాలదు. ఆధార్ సంస్థ రూపొందించిన ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే మరో యాప్ కూడా ఉండాలి. దానికి తెర మీద గుర్తు ఉండదు. అవసరమైనప్పుడు వేరే యాప్ పిలిస్తేనే పలుకుతుంది. గుర్తు లేదు, ఎప్పుడూ తెరిచింది లేదు, అక్కరలేనిదే అనుకుని మనవడు దాన్ని ఆపేస్తే తాతయ్య పింఛను పని ఆగిపోతుంది. అందుకే యాప్‌ల జాబితాను అడిగేటప్పుడు చివర అడ్డగీత, 3 చేర్చాలి. అప్పుడు మనం తర్వాత పెట్టుకున్నవి మాత్రమే వేరుగా వస్తాయి. వాటిని పక్కన పెట్టి మిగిలినవాటినే పరిశీలించాలి.

పని అయ్యాక

ఒక్కసారే ఇరవై యాప్‌లు ఆపకండి. ఒకటి ఆపి, దాని పేరు కాగితం మీద రాసుకుని, ఫోన్ మాట్లాడటం, సందేశాలు, బ్యాంకు పని సరిగా ఉన్నాయో చూసి రెండోదానికి వెళ్లండి. మొదలుపెట్టే ముందు ఫొటోలను వేరేచోట భద్రపరచండి.

పని పూర్తికాగానే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేయండి. డెవలపర్ ఆప్షన్స్ కూడా మూసేయండి. ఆ తలుపు తెరిచి ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు. అది తెరిచిన ఫోన్ మనం నమ్మిన కంప్యూటర్ చేతికి చిక్కితే, యాప్‌లు పెట్టడం, తీయడం అన్నీ ఆ కంప్యూటర్ చేయగలదు. ఫోన్ చేసి 'మీ మొబైల్ వేగం పెంచుతాం, ఫలానా సెట్టింగ్ ఆన్ చేయండి, ఈ యాప్ దించుకోండి' అని చెప్పే అపరిచితుల మాట వినవద్దు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఈ పని ఇంటివాళ్ల చేతుల మీదుగా, పెద్దల ఎదుటే జరగాలి. ఏది ఆపుతున్నారో, ఎందుకో వారికి చెప్పాలి. ఆ కాగితాన్ని ఫోన్ పెట్టె లోనే ఉంచండి. వచ్చే నవంబరులో ఏదైనా పనిచేయకపోతే, ఏ యాప్‌ను మేలుకొలపాలో అది చెబుతుంది.