బ్రిస్కెట్ ముక్కను చూసే పద్ధతి

టెక్సస్‌లో ఏ ఊరి బార్బెక్యూ హోటల్‌కు వెళ్లినా మెనూ కంటే ముందు పొయ్యి వైపు చూడండి. మధ్య టెక్సస్‌లో ఎక్కువగా వాడేది పోస్ట్ ఓక్ కట్టె. బాగా ఎండిన కట్టె గాలాడుతూ మండితే పొగ పల్చగా, నీలంగా లేస్తుంది. గాలాడక తెల్లగా కమ్ముకునే పొగలో ఉడికిన మాంసం చేదెక్కుతుంది. ఆ చేదును ఏ సాసూ కప్పలేదు.

పొద్దున పదకొండుకల్లా వెళ్లడం మంచిది. సాయంత్రానికి మిగిలిన ముక్కలు ఆరిపోయి ఉంటాయి, వాటిని బట్టి తీర్పు చెబితే వంటవాడికి అన్యాయం చేసినట్టే. లెక్సింగ్టన్‌లోని స్నోస్ బార్బెక్యూ శనివారం ఒక్కరోజే, ఉదయం ఎనిమిదికే తెరుస్తుంది. టెక్సస్ మంత్లీ పత్రిక 2008లో రాష్ట్రంలో మొదటి స్థానం ఇచ్చింది దానికే.

పరీక్ష పెట్టాల్సింది బ్రిస్కెట్‌తోనే. అది ఆవు ఛాతీ మాంసం, పశువు బరువు మోసే కండరం. అందులోని గట్టి కొలాజెన్ కరిగి జెలటిన్‌గా మారాలంటే 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ వేడిలో పన్నెండు గంటలైనా ఓపిక పట్టాలి. మధ్యలో, లోపలి వేడి 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి కదలదు. కుండలో నీళ్లు చల్లబడినట్టే, మాంసంలోని తడి ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. ఇక్కడ తొందరపడి మంట పెంచినవాళ్ల పనితనం ముక్క కోయగానే బయటపడుతుంది. లోపల సుమారు 95 డిగ్రీలు వచ్చాక దించి, కోసేముందు కాసేపు అలాగే వదిలేయాలి.

కొవ్వున్న భాగం ఎన్నో తప్పులను దాచేస్తుంది కాబట్టి కొవ్వు తక్కువున్న భాగాన్ని అడిగి తీసుకోండి. పెన్సిల్ మందాన కోసిన ముక్కను వేలి మీద వేలాడదీయండి. అది వంగాలి, తెగకూడదు. రెండు కొసలూ పట్టి మెల్లగా లాగితే విడిపోవాలి. లాగకముందే పొడి పొడిగా రాలిందంటే ఎక్కువ ఉడికింది, రబ్బరులా సాగిందంటే ఇంకా ఉడకాలి. అంచున కనిపించే గులాబీ రంగు గీతను చూసి మోసపోవద్దు. అది పొగలోని వాయువులు మాంసపు వర్ణకంతో కలిసి తెచ్చిన రంగు మాత్రమే, దానికి రుచితో పనిలేదు. రుచి తెలియాలంటే ఉప్పు, మిరియాలు పట్టి నల్లబడిన పైపొరను కొరకాలి. లాక్‌హార్ట్‌లో 1900లో మొదలైన క్రైట్స్ మార్కెట్ చాలాకాలం సాస్ గానీ ఫోర్కు గానీ ఇవ్వలేదు. జర్మన్ మాంసం కొట్ల నుంచి వచ్చిన ఆ అలవాటులోని నిజాయితీ నాకు ఇష్టం: తూకం వేసి కాగితంలో పెట్టి ఇస్తారు, దాపరికం ఉండదు.

డాలస్, ఆస్టిన్‌లలోని మన తెలుగువాళ్లలో చాలామంది ఆవుమాంసం ముట్టరు. వాళ్లు పంది పక్కటెముకలతో ఆ హోటల్ సంగతి తేల్చుకోవచ్చు. ముట్టుకోగానే ఎముక ఊడిపోతే ఎక్కువ ఉడికినట్టు. కొరికిన చోట పంటి గాటు నిలిచి, అక్కడి వరకే మాంసం ఎముకను వదలాలి. అదీ వద్దంటే టర్కీ ఛాతీ ముక్క అడగండి, మీ ముందే కోయమనండి. కొవ్వు దాదాపు లేని ఆ ముక్క, కోసినచోట తడిగా మెరుస్తుంటే లోపల వంటవాడు గట్టివాడే.