తంతిలేని వార్తయు మన ఉప్పెనలును

ఉప్పెన యన నేమో బందరు బాలబాలికలకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తరువాత" అని పెద్దలు పెండ్లిండ్లను, పుట్టుకలను లెక్కించుట మనము వినుచునే యున్నాము. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో వృద్ధిచెందిన యొక విద్య యీ యాపదనుండి మనల నెట్లు కాపాడుచున్నదో, ఎచ్చట చాలకపోయినదో తెలుపుటయే యీ వ్యాసోద్దేశము. ఆ విద్య తంతిలేని వార్త, అనగా వైర్లెస్.

మొదట ఉప్పెన యెట్లు పుట్టునో చూతము. వెచ్చని బంగాళాఖాతపు నీరు ఆవిరియై పైకి లేచి, మేఘముగా మారునపుడు తనలోని వేడిని విడిచిపెట్టును. అందుచే గాలి తేలికయై యింకను పైకి పోవును. క్రింద వాయుభారము తగ్గును. చుట్టునున్న గాలి యచ్చోటికి పరుగెత్తును. భూమి తిరుగుచున్నందున ఆ గాలి తిన్నగా పోక, మన యుత్తరార్ధగోళమున గడియారపు ముల్లునకు ఎదురుగా సుడి తిరుగును. ఆ సుడిగాలి నీటిని తీరమునకు నెట్టును. దివిసీమ యొద్ద సముద్రము లోతు తక్కువ, నేల పల్లము. కావున నెట్టబడిన నీరు అడుగునుండి వెనుకకు మరలిపోవ వీలుగాక గట్టెక్కి యూళ్ళమీద పడును. గుడివాడ వంటి లోతట్టు ప్రాంతములకు ఉప్పెన నీరు రాకున్నను, గాలియు వానయు చేతికి వచ్చిన పంటను నేలగూల్చును.

1864 నవంబరు 1వ తేది రాత్రి బందరును ఉప్పెన ముంచెను. సుమారు 30,000 మంది మరణించిరి. అప్పటికి మన దేశమున టెలిగ్రాఫు లేకపోలేదు, భారమితియు లేకపోలేదు. కాని టెలిగ్రాఫు తంతులు నేలమీదనే గదా! నడిసముద్రమున గాలివానలో చిక్కిన యోడవారు తాము చూచినదానిని రేవు చేరినగాని చెప్పజాలరు. గాలివాన ఓడకంటె ముందు వచ్చినచో ఆ వార్త వలన ప్రయోజన మేమి? 1875లో భారత వాతావరణ శాఖ యేర్పడినను, సముద్రము మాత్రము మూగగనే యుండెను.

ఆ మూగతనమును పోగొట్టినది వైర్లెస్. మాక్స్‌వెల్ లెక్కలలో చూపిన విద్యుదయస్కాంత తరంగములను హెర్ట్జ్ 1887-88లో ప్రయోగముచే నిరూపించెను. 1895లో జగదీశచంద్ర బోసు కలకత్తాలో ఆ తరంగములను గోడలగుండ పంపి గంట మ్రోగించి చూపెను. 1901 డిసెంబరు 12న మార్కోనీ, అట్లాంటిక్ మహాసముద్రము ఆవలి గట్టునుండి పంపబడిన మూడు చుక్కల సంకేతమును అందుకొంటినని ప్రకటించెను. 1912లో టైటానిక్ మునిగినపుడు వైర్లెస్ పిలుపు విని కార్పేతియా అను నోడ వచ్చి సుమారు 700 మందిని రక్షించెను. ఓడలో వైర్లెస్ ఎంత యవసరమో లోకమునకు నాడు తెలిసెను.

ఓడ మాటాడ నేర్చినంతనే గాలివాన జాడ తెలిసెను. ఎట్లన, మన ప్రాంతమున గాలికి వీపు పెట్టి నిలిచినచో, వాయుభారము తక్కువైన చోటు మన యెడమవైపున నుండును. వేర్వేరు చోట్లనున్న మూడు ఓడలు తమ తమ గాలిదిక్కును, భారమితి లెక్కను తెలిపినచో, వానిని పటముమీద గుర్తించి సుడి నడిమిచోటును ఊహింపవచ్చును.

ఆ తరంగముల బిడ్డయే రాడార్. 1935లో వాట్సన్ వాట్ ఇంగ్లండులో దీని ప్రయోగమును చేసి చూపెను. తరంగము సెకండునకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోవును. 300 కిలోమీటర్ల దూరమున నున్న వానమేఘమును తాకి మరలి వచ్చుటకు సెకండులో 500వ వంతు చాలును. ఆ కాలమును కొలిచినచో దూరము తెలియును. 2004లో మచిలీపట్నమున డాప్లర్ రాడార్ నెలకొల్పబడెను. అది మేఘము దూరమునే గాక, గాలి వేగమును గూడ తెలుపును.

ఇంత విద్య యుండియు ఉప్పెన గెలిచిన దినము కలదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన సుమారు 5 మీటర్ల యెత్తున వచ్చెను. సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. నాడు రేడియో యుండెను, ఉపగ్రహ చిత్రములును ఉండెను. కాని వార్త తెలియుట యొకటి, అది కడపటి గుడిసె చేరుట యొకటి, విన్నవారు కదలుట మఱియొకటి. 1990 మే 9న కృష్ణ ముఖద్వారమునకు సమీపమున మఱియొక పెను గాలివాన తీరము దాటెను. ఈసారి లక్షకు మించిన జనమును ముందుగనే తరలించిరి. మృతులు వేయికి లోపుగనే యుండిరి. ఆ వేయి మందియు మన వారే. అయినను, 1977తో పోల్చిన నెన్ని ప్రాణములు దక్కెనో గమనింపుడు.

కావున, పిల్లలారా, రేవులో ప్రమాద సూచిక యెక్కిన దినమున ఆ సంఖ్య యేమో తెలిసికొని యింట చెప్పుడు. చదువురాని పొరుగువారికి, చేపలవేటకు పోవువారికి ముందుగ చెప్పుడు. కడలినుండి కార్యాలయమువఱకు వార్తను తెచ్చుట తరంగముల పని. అచ్చటినుండి ప్రతి గడపకు చేర్చుట మన పని.